చంద్రగిరి కోట ఎదుట సాక్షులుగా

భూమిపై సంచరించి, తమకు పూర్వం గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించవలసిందిగా దివ్య ఖుర్‌ఆన్ మానవులను పదేపదే ఆహ్వానిస్తుంది. ఆ ఆహ్వానాన్ని అందుకోవడానికి ఈజిప్టుకో జోర్డానుకో వెళ్ళవలసిన అవసరం లేదు. మన జిల్లాల్లోనే, మన బస్సులు తిరిగే దారుల పక్కనే, గడచిపోయిన రాజ్యాల గోడలు నిలిచి ఉన్నాయి. వాటిని చూసే కన్ను కావాలి. చూసినదాన్ని న్యాయంగా చెప్పగల నాలుక కావాలి. ఈ రెండవది మొదటిదానికంటే కష్టమైనదని చంద్రగిరి ప్రయాణంలో మాకు బాగా బోధపడింది.

గడచిన శీతకాలంలో మద్రసా పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని మేము ఇద్దరు ఉపాధ్యాయులం చంద్రగిరి వెళ్ళాము. అబ్బాసీ ఖలీఫాల పేర్లను వరుస తప్పకుండా అప్పజెప్పగలిగిన పిల్లలు వారు. బగ్దాదు ఎప్పుడు కూలిందో, కర్డోబా ఎలా చేజారిందో వారికి తెలుసు. కాని తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రతిసారీ కనబడే కొండ మీది కోట ఎవరిదో వారిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. పుట్టిన నేల చరిత్ర తెలియని విద్యార్థికి ప్రపంచ చరిత్ర కంఠతా వచ్చినా అది సగం చదువే. ఆ మిగిలిన సగాన్ని పూరించాలన్నదే మా ప్రయాణ ఉద్దేశ్యం.

కొండ, నది, కోట

తిరుపతికి పడమటి దిక్కున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖీ నది ఒడ్డున ఉన్నది చంద్రగిరి. 2022 ఏప్రిల్ 4 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ మండల కేంద్రం ఆ రోజు ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాట్పాడి నుంచి పాకాల మీదుగా తిరుపతి వెళ్ళే రైలు కూడా ఇక్కడ ఆగుతుంది. ఊరికి ఆనుకొని సుమారు 600 అడుగుల ఎత్తున బండరాతి కొండ ఒకటి లేచి నిలబడింది. కొండ మీద పై కోట, కొండ పాదాన కింది కోట. కింది కోట చుట్టూ పెద్ద పెద్ద రాళ్ళను పేర్చి కట్టిన ప్రాకారం, దాని వెలుపల అగడ్త. లోపల రాజమహల్, రాణీమహల్, చెరువు, శిథిలమైన దేవాలయాలు కొన్ని ఉన్నాయి.

క్రీస్తుశకం 1000 ప్రాంతంలో ఇమ్మడి నరసింహ యాదవరాయలు ఈ కోటను నిర్మించాడని సంప్రదాయం. మూడు శతాబ్దాలకు పైగా యాదవరాయల ఏలుబడిలో ఉండి, 1367లో ఇది విజయనగర సామ్రాజ్యంలో కలిసింది. ఇక్కడి అధిపతిగా పేరు గడించిన సాళువ నరసింహుడు 1485లో ఏకంగా విజయనగర సింహాసనాన్నే ఆక్రమించాడు. శ్రీకృష్ణదేవరాయల సోదరుడు అచ్యుతరాయలు 1529లో చక్రవర్తి కావడానికి ముందు ఈ కోటలోనే నిర్బంధంలో ఉన్నాడు. ఒకే కోట ఒకరిని సింహాసనం వైపు పంపింది, మరొకరిని సింహాసనం పిలిచేదాకా బంధించి ఉంచింది.

1565లో తళ్ళికోట యుద్ధం జరిగింది. విజయనగరం పాడుపడింది. మిగిలిన రాజకుటుంబం పెనుకొండకు తరలింది. అరవీటి వంశపు రెండవ వేంకటపతిరాయలు, 1586 నుంచి 1614 వరకు పాలించినవాడు, రాజధానిని పెనుకొండ నుంచి చంద్రగిరికి మార్చాడు. ఆ తరువాత వేలూరుకు తరలించాడు. కొన్ని సంవత్సరాల పాటు దక్షిణ భారతపు దర్బారు ఈ చిన్న ఊరిలో కొలువుదీరింది.

రాజమహల్ ఎదుట

మూడు అంతస్తుల రాజమహల్ ఎదుట నిలబడిన విద్యార్థులు చాలాసేపు మాట్లాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టిన భవనమిది. కలప వాడలేదు. కింది నుంచి పైదాకా వరుసలు తీరిన కమానులు. పైన గోపురాలను తలపించే శిఖరాలు. ఢిల్లీలోనో బీదరులోనో చూసినట్లుండే కమాను మీద, గుడి మీద చూసినట్లుండే శిఖరం కూర్చున్నది. లోపల మధ్యభాగంలో దర్బారు మందిరం ఉన్నది. నేడు భవనమంతా భారత పురావస్తు శాఖ వారి మ్యూజియం. చుట్టుపక్కల ప్రాంతాల నుంచి సేకరించిన రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, ఆయుధాలు అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి.

పక్కనే ఒక కుటుంబం నిలబడి ఉన్నది. శిథిలమైన ఒక గుడి వైపు చూపిస్తూ తండ్రి తన కొడుకుతో, "ఇవన్నీ తురకలు వచ్చి పాడు చేసినవి, నాయనా" అన్నాడు. అందులో కోపమేమీ లేదు. ఎవరో తనకు చెప్పినదాన్ని తన కొడుక్కి చెబుతున్నాడు, అంతే. మమ్మల్ని ఆయన గమనించలేదు. గమనించిన తరువాత కొంచెం ఇబ్బందిపడి, మా విద్యార్థి ఒకడికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. మేము సలాం చేసినట్లుగా చేయి ఎత్తి పలకరించాము. ఆయన కూడా నమస్కరించాడు. మాటలేవీ జరగలేదు. కాని మా పిల్లల ముఖాలు వాడిపోయాయి. అప్పటిదాకా కమానులను లెక్కపెడుతున్నవారు తలలు వంచుకున్నారు. కొంతసేపటికి వారిలో చిన్నవాడు మా దగ్గరకు వచ్చి, "హజ్రత్, ఈ కోట మనదా, వాళ్ళదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదనుకొన్నాము. "మనది" అంటే వాడికి ఒక అహంకారాన్ని ఇచ్చినట్లు. "వాళ్ళది" అంటే పుట్టిన ఊరిలోనే వాడిని పరాయివాడిని చేసినట్లు. జుహ్ర్ నమాజు కోసం ఊళ్ళోని మసీదుకు వెళ్ళాము. నమాజు ముగిసిన తరువాత అక్కడి వరండాలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, ఆ కోట చేతులు మారిన కథను మొదటి నుంచి చెప్పుకొచ్చాము. ఆ సంభాషణ సారాంశాన్నే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము. ఎందుకంటే ఆ ప్రశ్న ఆ ఒక్క పిల్లవాడిది కాదు. మన ఇళ్ళలో ప్రతి పిల్లవాడూ ఏదో ఒక రోజు ఏదో ఒక గోడ ఎదుట నిలబడి దాన్ని అడుగుతాడు.

కమాను ఎక్కడి నుంచి వచ్చింది?

ముందుగా ఆ కమాను సంగతి. రాజమహల్ ముస్లిం రాజు కట్టినది కాదు. విజయనగర రాజుల కాలపు భవనమది. మరి సుల్తానుల భవనాల పోకడ దానిలోకి ఎలా వచ్చింది? హంపీలోని కమలమహల్‌లో కూడా ఇదే కలయిక కనబడుతుంది. ఆ రాజులు గుడి కట్టినప్పుడు ఆగమ సంప్రదాయాన్ని అనుసరించారు. కొలువుకూటం, విహార మందిరం కట్టినప్పుడు మాత్రం నాటి దక్కనులో గొప్పగా భావించిన శైలిని ఇష్టపూర్వకంగా స్వీకరించారు.

దుస్తుల విషయమూ అంతే. విజయనగర దర్బారులో పెద్దలు తలకు ధరించిన ఎత్తైన టోపీని కుళ్ళాయి అన్నారు. అది పారశీక 'కులాహ్'. ఒంటికి తొడుక్కున్న పొడవాటి అంగీని కబాయి అన్నారు. అది అరబ్బీ 'ఖబా'. తిరుమలలో తన ఇద్దరు దేవేరులతో నిలిచి ఉన్న శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తలపైనా ఆ కుళ్ళాయియే ఉన్నది. అరబ్బీ పాఠాలు చదువుతున్న మా విద్యార్థులకు ఈ రెండు మాటలూ వింటూనే నవ్వు వచ్చింది. తెలుగులో తమకు తెలియకుండానే తమ పాఠ్యపుస్తకపు మాటలు ఎన్ని ఉన్నాయో వెతకడం మొదలుపెట్టారు. జిల్లా, తహసీల్దారు, కచేరీ, ఖజానా, దస్తావేజు, జమాబందీ అంటూ ఒకరి తరువాత ఒకరు అందించారు.

మనుషులు కూడా అలాగే కలిసి ఉన్నారు. విజయనగర సైన్యంలో ముస్లిం యోధులు పెద్ద సంఖ్యలో పనిచేశారు. రెండవ దేవరాయలు తన కొలువులోని ముస్లిం సైనికులు వందనం చేయడానికి వీలుగా సింహాసనం ముందు ఖుర్‌ఆన్ ప్రతిని ఉంచేవాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆ రాజు కొలువులోని అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో విజయనగరంలో ఒక మసీదు కట్టించి, ఆ పుణ్యం తన ప్రభువైన దేవరాయలకు చెందాలని శాసనం వేయించాడు. ఆ కన్నడ శాసనంలో మసీదును 'ధర్మశాల' అన్నారు. నేటికీ హంపీలో ఆ కట్టడం నిలిచే ఉన్నది.

ఇక గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సంగతి తెలుగువారందరూ తెలుసుకోదగినది. అన్నతో విరోధం వచ్చి ప్రాణాలు అరచేత పట్టుకొని వెళ్ళిన ఆ యువరాజుకు 1543 నుంచి 1550 వరకు ఏడేళ్ళు ఆశ్రయమిచ్చినది విజయనగరమే. అక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకొని, సుల్తాను అయిన తరువాత తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కవులు ఆయనను ప్రేమగా మల్కిభరాముడు అని పిలుచుకొన్నారు. అదే ఇబ్రహీం 1565లో తనకు అన్నం పెట్టిన విజయనగరం మీద యుద్ధంలో పాల్గొన్నాడు. రాజ్యాల లెక్కలు అటువంటివి. ఆశ్రయానికీ యుద్ధానికీ రెండింటికీ కారణం రాజకీయమే.

గంటలు మోగిన దారి

చంద్రగిరిలో ఒక సంప్రదాయ కథ వింటాము. వేంకటపతిరాయలు వేంకటేశ్వర భక్తుడు. తన నాణేలపైన కూడా ఆ దేవుని రూపాన్ని వేయించుకొన్నాడు. తిరుమలలో నైవేద్యం పూర్తయినట్లు తెలిసేదాకా ఆయన భోజనానికి కూర్చునేవాడు కాడట. ఆ కబురు అందడానికి కొండ మీది నుంచి చంద్రగిరి దాకా మండపాలు కట్టించి, వాటిలో గంటలు వేలాడదీయించాడట. పైన మొదటి గంట మోగితే, అది విని రెండవ మండపంలో, అది విని మూడవ మండపంలో మోగించేవారు. అలా అలా కోటలోని రాజు చెవికి చేరేది. చంద్రగిరి పక్కనే శ్రీనివాసమంగాపురం నుంచి కొండకు వెళ్ళే పాత మెట్ల దారి నేటికీ వాడుకలో ఉన్నది.

ఆ రాజు విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. ఆరాధనకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే అన్నది మన దీన్‌కు పునాది. దానిలో సడలింపు లేదు. అయినా ఆ కథ విన్నప్పుడు మా విద్యార్థులకు వెంటనే గుర్తుకు వచ్చినది రమజాన్ సాయంకాలం. ఎదుట ఖర్జూరం, నీళ్ళు పెట్టుకొని, చేయి చాచకుండా, దూరపు అజాన్ కోసం చెవి ఒగ్గి కూర్చునే ఆ రెండు నిమిషాలు. ఆకలిగొన్న మనిషి అన్నం ఎదుట ఆగి ఒక పిలుపు కోసం ఎదురుచూడడం ఎలాంటిదో మనకు తెలుసు. పొరుగువాడి నిష్ఠను గుర్తించడానికి వాడి మతాన్ని స్వీకరించనక్కరలేదు. తన నిష్ఠ విలువ తెలిసినవాడికి ఎదుటివాడి నిష్ఠను ఎగతాళి చేయడం చేతకాదు.

ఒక చర్చికి దొరికిన చోటు

ఇంత నిష్ఠ గల వైష్ణవ రాజు దర్బారుకు 1598-99లో మైలాపూరు వైపు నుంచి క్రైస్తవ మతాచార్యులు వచ్చారు. సిమోన్ ద సా మొదలైన ఈ జెసూట్ పాదరీలు పోర్చుగీసు వారి రక్షణలో పనిచేసేవారు. వేంకటపతిరాయలు వారిని ఆదరంగా స్వీకరించాడు. తన రాజధానిలో చర్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. వారు తెచ్చిన చిత్రపటాలను ఆసక్తితో చూశాడు. దర్బారులో పండితులకూ పాదరీలకూ మతవిషయాలపై వాదోపవాదాలు జరిగాయని ఆ పాదరీలు తమ పెద్దలకు రాసుకొన్న ఉత్తరాల వల్ల తెలుస్తున్నది. రాజు వారి మతం పుచ్చుకోలేదు. వారిని వెళ్ళగొట్టనూ లేదు. కొన్నేళ్ళకు ఆ మిషన్ మూతపడింది.

ఆ కాలం ఎటువంటిదో గుర్తుచేసుకోవాలి. స్పెయిన్‌లో ముస్లిములను, యూదులను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చి ఒక శతాబ్దం కావస్తున్నది. అలా మారినవారి సంతతిని కూడా నమ్మలేక 1609 నుంచి దేశం నుంచే వెళ్ళగొట్టారు. అదే కాలంలో ఉత్తరాన అక్బరు ఫతేపూర్ సిక్రీకి జెసూట్ పాదరీలను పిలిపించి వాదాలు విన్నాడు. దక్షిణాన చంద్రగిరి రాజు వారికి చర్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఒకరు ముస్లిం పాదుషా, ఒకరు వైష్ణవ రాయలు.

ఇక్కడ మా విద్యార్థులకు తమ పాఠాలే గుర్తుచేశాము. నజ్రాన్ నుంచి క్రైస్తవ ప్రతినిధి వర్గం మదీనా వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిని మస్జిదె నబవీలోనే దింపారని, వారి ప్రార్థనా సమయం వచ్చినప్పుడు అక్కడే ప్రార్థించుకోనిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. జెరూసలేం వశమైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) చర్చి లోపల నమాజు చేయడానికి నిరాకరించారని, తాను చేస్తే తరువాతివారు దాన్ని సాకుగా తీసుకొని ఆ చర్చిని లాక్కుంటారేమోనని భయపడ్డారని చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి. మఠాలూ చర్చీలూ యూదుల ఆలయాలూ మసీదులూ అన్నీ రక్షింపబడవలసినవేనన్న భావం సూరయె హజ్జ్‌లో కూడా ఉన్నది. తనది కాని ఆరాధనా స్థలాన్ని కాపాడడం మనకు నేర్పిన పాఠం. ఆ పాఠాన్ని ఈ నేల మీద ఎవరు ఆచరించినా, వారు ఏ మతంవారైనా, మనం గౌరవంతో చెప్పుకోవాలి.

చేతులు మారిన కోట

ఇక ఆ తండ్రి చెప్పిన మాట సంగతి. దాన్ని మేము దాటవేయలేదు. 1646లో గోల్కొండ సైన్యం చంద్రగిరిని పట్టుకొన్నది. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో కర్ణాటక దండయాత్రలను నడిపినవాడు మీర్ జుమ్లా. ఇస్ఫహాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఇరానీ వజ్రాల వర్తకుడు, తరువాత మంత్రి, సేనాపతి. యుద్ధం వచ్చినప్పుడు పంటలు కాలతాయి, పల్లెలు ఖాళీ అవుతాయి, గుడులూ ఇళ్ళూ దెబ్బతింటాయి. సైన్యాధిపతి పేరు మీర్ అయినంత మాత్రాన ఆ బాధ తగ్గదు. దాన్ని తగ్గించి చెప్పే హక్కు మనకు లేదు. న్యాయం విషయంలో మనకూ, మన తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే, సత్యానికి సాక్షులుగా నిలబడమని మన గ్రంథం ఆదేశిస్తున్నది. ఒక జాతి మీది ద్వేషం న్యాయం నుంచి మరల్చరాదనీ ఆదేశిస్తున్నది. మొదటి ఆదేశం మన నోటికి, రెండవది మన గుండెకు.

కాని కథ అక్కడ ఆగిపోదు. చంద్రగిరిని పోగొట్టుకొన్న మూడవ శ్రీరంగరాయలు సాయం కోసం ఎవరి వైపు చూశాడు? మొగలుల వైపు. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు మొరపెట్టుకొన్నాడు. కోటను గెలిచి ఇచ్చిన మీర్ జుమ్లా కొన్నేళ్ళకే తన సుల్తాను మీద తిరగబడి మొగలులతో చేరిపోయాడు. కోటను గెలిచిన గోల్కొండ రాజ్యం సరిగ్గా 41 సంవత్సరాల తరువాత, 1687లో, మొగలుల చేతిలోనే అంతరించింది. దీన్ని రెండు మతాల పోరాటంగా చెబితే ఈ సంఘటనలలో ఒక్కటీ అర్థం కాదు. భూమి కోసం, పన్ను కోసం, పీఠం కోసం జరిగిన పోరాటంగా చెబితే అన్నీ అర్థమవుతాయి.

ఆ తరువాత కోట ఆర్కాటు నవాబుల చేతికి వచ్చింది. 1758లో నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఇక్కడ ఉండి, చంద్రగిరి తన చేతిలో ఉన్నది కనుక తిరుపతి క్షేత్రానికి రక్షకుణ్ణి తానేనని ప్రకటించుకొన్నాడు. 1782లో హైదర్ అలీ ఈ కోటను లొంగదీసుకొన్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. 1792 శ్రీరంగపట్నం సంధి వరకు కోట మైసూరు ఆధీనంలో ఉన్నది. అందులో హైదర్ కుమారుడు టిప్పు సుల్తాను సగం రాజ్యాన్నీ, ఇద్దరు బిడ్డలనూ ఇంగ్లీషువారికి అప్పగించవలసి వచ్చింది. ఆ తరువాత చంద్రగిరి కోటను పట్టించుకొన్న రాజు లేడు. గోడలు పగిలి, రాళ్ళ మధ్య వేళ్ళు దిగి, గుడులు మరింత కుంగిపోయాయి. యుద్ధం చేసిన గాయాల మీద ఎడతెగని నిర్లక్ష్యం కూడా పనిచేసింది.

ఇంగ్లీషువారు ఎలా వచ్చారన్నదీ ఈ కోట గోడలకు తెలుసు. 1639 ఆగస్టు 22న నాయకరాజైన దామర్ల వేంకటాద్రి సముద్రతీరంలో ఒక చిన్న ఇసుకనేలను ఈస్టిండియా కంపెనీ వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు ఇచ్చాడు. ఆ ఒప్పందం ఇక్కడి రాజమహల్‌లోనే జరిగిందని చంద్రగిరి వారు నేటికీ చెప్పుకొంటారు. 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కును ధ్రువపరిచాడు. ఆ ఇసుకనేలే మద్రాసు అయింది. అక్కడ సెయింట్ జార్జి కోట లేచింది. 1680లో దాని లోపల సెయింట్ మేరీ చర్చి వెలిసింది. రాయలకూ సుల్తానులకూ మధ్య యుద్ధం సాగుతుండగా ఒక మూలన వర్తకులు దుకాణం తెరిచారు. ఒకటిన్నర శతాబ్దాలలో ఆ దుకాణం రాయలనూ సుల్తానునూ నవాబునూ అందరినీ మింగేసింది.

ఆర్కాటు నవాబును మింగినది కత్తి కాదు, అప్పు. మహమ్మద్ అలీ వాలాజా యుద్ధ ఖర్చుల కోసం కంపెనీకీ, కంపెనీ ఉద్యోగులకూ వడ్డీలకు బాకీపడ్డాడు. ఆ వడ్డీ పెరిగి పెరిగి, ఇంగ్లండు పార్లమెంటులో 1785లో ఎడ్మండ్ బర్క్ దాని మీదే సుదీర్ఘ ప్రసంగం చేయవలసినంత అపఖ్యాతి పాలైంది. చివరకు 1801లో కర్ణాటక రాజ్యమంతా కంపెనీ పాలైంది. తిరుమల ఆలయ నిర్వహణ కూడా కంపెనీ చేతికి వెళ్ళింది. 1843లో హాథీరాంజీ మఠానికి, 1933లో దేవస్థానానికి మారింది. వడ్డీ ఒక ఇంటిని ఎలా కాలుస్తుందో మన వీధుల్లో చూస్తున్నాము. అది ఒక రాజ్యాన్ని ఎలా కాల్చిందో చంద్రగిరి నుంచి ఆర్కాటు దాకా చూడవచ్చు.

అమానతు

ఇదంతా విన్న తరువాత చిన్నవాడి ప్రశ్నకు తిరిగి వచ్చాము. వాడినే అడిగాము: "ఇప్పుడు నువ్వే చెప్పు, కోట ఎవరిది?" వాడు కొంచెం ఆలోచించి, "ఎవరిదీ కాదు హజ్రత్, అందరూ కొన్నాళ్ళు ఉంచుకొని వెళ్ళిపోయారు" అన్నాడు. ఇంతకంటే మంచి జవాబు మా దగ్గర లేదు.

మన మాటల్లో చెప్పాలంటే అది అమానతు. అధికారం అల్లాహ్ చేతిలోనిది. ఆయన తలచినవారికి ఇస్తాడు, తలచినవారి నుంచి తీసుకొంటాడు. యాదవరాయలకు, రాయలకు, సుల్తానుకు, నవాబుకు, హైదరుకు, కంపెనీకి అది చేతికి ఇచ్చి చూసిన పరీక్ష. ఆ పరీక్షలో పేరును బట్టి మార్కులు వేయరు. తన మతం కానివాడికి చర్చి కట్టుకోనిచ్చాడా, తనకు ఆశ్రయమిచ్చిన వాడి ఇంటి మీదకే దండెత్తాడా, ప్రజల పన్నును వడ్డీవ్యాపారి చేతిలో పెట్టాడా అన్నదాన్ని బట్టి ఎవరి లెక్క వారిది. ఆ లెక్కలో మన పేర్లుగలవారు చేసిన మంచిని గొప్పగా చెప్పుకొంటూ చెడును దాచిపెట్టడం సాక్ష్యంలో మోసం. ఎవరో చేసిన చెడు భారాన్ని నేటి ముస్లిం పిల్లవాడి తల మీద పెట్టడమూ అన్యాయమే. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది మన గ్రంథం చెప్పిన సూత్రం.

ఆ తండ్రితో మేము వాదించలేదు. ఆయన ఎదుట నిలబడి ఉపన్యాసమిస్తే ఆయన కొడుకు ముందు ఆయనను చిన్నబుచ్చినట్లయ్యేది. కాని మా పిల్లలలో ఎవరైనా రేపు ఉపాధ్యాయుడై, పొరుగు ఇంటి స్నేహితుడితో ఈ కోటకు వస్తే, కమాను చూపించి కుళ్ళాయి కథ చెబుతాడు. 1646 గురించి అడిగితే తప్పించుకోకుండా జవాబు చెబుతాడు. పుకారును ఎదుర్కోవడానికి అరుపు కంటే ఓపికగా చెప్పిన నిజమే పనికివస్తుంది. అందుకు ముందుగా నిజం మనకు తెలిసి ఉండాలి.

చివరగా, కుటుంబాలతో చంద్రగిరి వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. కనుక జుమా రోజున బయలుదేరవద్దు. కోట చుట్టూ తిరగడానికి సగం రోజైనా చేతిలో ఉంచుకోండి. ఎండాకాలంలో రాళ్ళు కాలిపోతాయి, శీతకాలం మేలు. గోడల మీద పేర్లు చెక్కిన ఆకతాయిల పని అక్కడక్కడా కనబడుతుంది. మన పిల్లల చేతులు ఆ పాపంలో పాలుపంచుకోకుండా చూడండి. శిథిలమైన గుడి దగ్గర నిలబడినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడండి. అది మన ఆరాధనా స్థలం కాకపోయినా, ఎవరో చెమటోడ్చి కట్టుకొన్నది. పక్కన మరో కుటుంబం ఉంటే ముందుగా మీరే పలకరించండి.

బయలుదేరే ముందు ఇంట్లో పెద్దలు ఒక్క గంట కూర్చొని ఆ ఊరి కథ పిల్లలకు చెప్పండి. పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు మన దగ్గర లేకపోతే, ఆ జవాబు వీధిలో దొరుకుతుంది, చేతిలోని ఫోనులో దొరుకుతుంది. అక్కడ దొరికే జవాబు ఎటువంటిదో మనందరికీ తెలుసు. సత్యానికి సాక్షులుగా నిలబడే బాధ్యత మసీదు మిహ్రాబులోనే మొదలై అక్కడే ముగిసేది కాదు. అది మన ఊరి కోట గుమ్మం దాకా మనతో నడిచి వస్తుంది. ఆ బాధ్యతను నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.